సేనాపతి నోట మంత్రి మాట

కడప నాటకం ఎట్ల జరిగిందప్పా అని మీరు నెల నుంచి అడుగుతానే ఉండారు. నేను 'బాగానే జరిగింది' అని జారుకుంటా ఉండా. ఈరోజు హెడ్మాస్టరు లీవులో ఉండాడు, మూడో పీరియడు నాకు లీజరు, టీ గూడా వచ్చింది. చెప్పేస్తా. ఇరవై రెండేళ్లు వేసిన వేషం, అంతకంటే పాతదైన స్నేహం, రెండూ ఒకే మధ్యాహ్నం పోగొట్టుకోని వచ్చినోన్ని నేను. అదీ స్టేజీ మీద, హాలు నిండా జనం ముందర, గమ్ముతో అతికించిన మీసంతో.

మీలో కొత్తోళ్లు ఉండారు గాబట్టి మొదటి నుంచి చెప్తా. మన బస్టాండు కాడ పురుగుమందుల అంగడి ఉంది గదా, ఓబులేసుది. వాడూ నేనూ ఈ ఆత్మకూరు హైస్కూల్లోనే ఒకే బెంచీ. తర్వాత నేను సోషలు సారు అయితి, వాడు వాళ్ల నాయన అంగట్లో కూర్చున్నాడు. నాటకం మాత్రం ఇద్దరమూ ఇడ్చిపెట్టలే. అంగడి వెనక గోడౌన్లో సాయంత్రాలు రిహార్సలు. ఒక పక్క పత్తి విత్తనాల డబ్బాలు, ఇంకో పక్క మందుల కంపు. ఆ కంపులోనే మాకు డైలాగు బాగా వస్తాది. మంచి హాల్లో నిలబెడితే నోరు తిరగదు.

మా నాటకం ఒకటే. గండికోట చూసొచ్చిన ఊపులో ఓబులేసే రాసినాడు. కత చిన్నది. ఒక పాళెగాడు, కోటకు దొర. వాని సేనాపతి సొంత మేనల్లుడే, ప్రాణమిచ్చేవాడు. ఆ పదవి తనకు రాలేదని మంత్రికి కడుపుమంట. సేనాపతి కోట తాళాలు శత్రువుకు అమ్మేసినాడని పాళెగారి చెవిలో రోజూ రవంత రవంత పోస్తాడు. పాళెగాడు నమ్మి మేనల్లుని తల తీయిస్తాడు. తెల్లారి శత్రువు వస్తే కోటను కాపాడేవాడు లేడు. నిజం తెలిసి పాళెగాడు కోట మీద నుంచి పెన్నలోకి దూకి చస్తాడు. ఓబులేసు పాళెగాడు. నేను మంత్రి. ఇరవై రెండేళ్లూ నేనే మంత్రి.

నా మంత్రి వేషానికి పేరు రావడానికి కారణం ఒక నవ్వు. పాళెగారి చెవిలో విషం పోసి, జనం దిక్కు తిరిగి, భుజాలు ఎగరేసి ఒక నవ్వు నగుతా. వెలుగోడు తిరునాళ్లలో ఆ నవ్వుకు ఒక ముసలామె చెప్పు ఇసిరింది. సరిగ్గా నా చెవి పక్క నుంచి పోయె. నాకు శానా సంతోషమైంది.

పోయిన ఏడాది మా ట్రూపులోకి దస్తగిరి వచ్చినాడు. ఇరవై ఏడేళ్ల పిల్లోడు. పక్క పల్లె సచివాలయంలో సర్వేయరు. పగలంతా ఎండలో పొలాలు కొలిచి, సాయంత్రం స్నానం చేసి గోడౌనుకు వస్తాడు. సేనాపతి వేషం ఇచ్చినాము. గొంతు మంచిది, మనిషి మంచోడు, చెప్పులు గూడా గోడౌను బయటనే విడిచి వచ్చేవాడు. నాకు గూడా నచ్చినాడు, అబద్ధమెందుకు.

ఒకరోజు రిహార్సలు మధ్యలో, "సార్, ఒకటి అడగొచ్చునా?" అన్నాడు.

"అడుగు," అంటి.

"మంత్రి చెవిలో చెప్పి, పక్కకు తిరిగి నగుతాడు గదా సార్. నిజంగా మోసం చేసేవాడు నగుతాడా? వాడు మంచే చేస్తాండానని అనుకుంటాడేమో."

నేను ఓబులేసు దిక్కు చూస్తి, వాడు కోప్పడతాడని. వాడు గడ్డం గోక్కుంటా ఆలోచన చేసినాడు. "కరెక్టే గదా రత్నం. ఈసారి నవ్వు తీసేద్దాం," అన్నాడు.

ఇరవై రెండేళ్ల నవ్వు. అరనిమిషంలో తీసేసినారు.

సరే, పోనీలే అనుకుంటి. ఇంకో వారానికి, కడపలో నాటక పోటీలకు మాకు పిలుపు వచ్చింది. ఆ సంతోషంలో ఓబులేసు అందరినీ కూర్చోబెట్టి, "నాకు మోకాళ్లు పని చెయ్యడం లేదప్పా. కడప అయిపోయినాక డైరెక్షను దస్తగిరి చూసుకుంటాడు," అని చెప్పినాడు. అందరూ చప్పట్లు కొట్టిరి. నేనూ కొడితి. అందరి కంటే గట్టిగా నేనే కొడితి. ఓబులేసు తర్వాత ట్రూపు నాదేనని నేను ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు నేను చెప్పుకుంటా ఉంటి. ఆ పిల్లోడు లేచి నిలబడి, "రత్నం సార్ ఉండగా నేనెందుకు సార్," అన్నాడు. అదింకా మండింది నాకు. మర్యాదగా ఉండేవాని మీద కోపం తెచ్చుకోవడం శానా కష్టమైన పని. నేను కష్టపడి తెచ్చుకున్నా.

ఇప్పుడు ఓబులేసు గురించి ఒక మాట చెప్పాల. వాళ్ల నాయన చివరి రెండేళ్లూ అంగట్లో కూర్చోని, సొంత కొడుకును చూసి, "ఎవరప్పా నువ్వు, ఏ ఊరు?" అని అడిగేవాడు. తనకూ అట్లనే అవుతాదేమోనని ఓబులేసుకు లోపల భయం. ఈమధ్య డైలాగుల మధ్యలో ఆగుతాండాడు. రెండు మూడు తావుల్లో నోరు తెరిచి అట్లనే నిలబడిపోతాడు. కర్నూల్లో డాక్టరుకు చూపిచ్చుకున్నాడు. ఏం లేదు, నిద్ర సరిగా పో అన్నాడంట డాక్టరు. ఈ సంగతి వాళ్లింట్లో గూడా తెలీదు. నాకొక్కనికే చెప్పినాడు.

వాడు ఆగేది దస్తగిరి గూడా కనిపెట్టినాడు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "ఓబులేసు సార్ కొన్ని తావుల్లో ఆగుతాండాడు సార్. నేను నా బుక్కులో గుర్తులు పెట్టుకుంటాండా. ఆడికి వచ్చేసరికి నేనో మీరో రవంత మెల్లగా మాట అందిస్తే ఆయనకు ఇబ్బంది ఉండదు. ఆయనకు తెలీకుండా చేద్దాం సార్, బాధపడతాడు," అన్నాడు. బుక్కు తెరిచి చూపిచ్చినాడు గూడా. ఎర్ర ఇంకుతో గుర్తులు.

"మంచి పని," అంటి. ఆ సాయంత్రం ఇంటికి నడిచిపోతా పోతా నాకు అర్థమైంది, నా చేతికి ఏం వచ్చిందో.

నేను ఏమీ అబద్ధం చెప్పకుండానే మొదలుపెట్టినా. మర్నాడు ఓబులేసు అంగట్లో కూర్చోని, "దస్తగిరి మంచి పిల్లోడు," అంటి.

"శానా మంచోడు," అన్నాడు ఓబులేసు.

"అవును," అని ఊరుకుంటి. ఊరుకునే తీరు ఒకటి ఉంటాది. ఇరవై రెండేళ్లు స్టేజీ మీద చేసినా గదా, అది బాగా వచ్చు నాకు.

"ఏంది?" అన్నాడు.

"ఏం లేదు."

"ఏందో చెప్పు రా."

"వద్దులే. పోటీ ముందర పెట్టుకోని ఇవన్నీ ఎందుకు," అని లేచి వచ్చేస్తి.

ఆ రోజు సాయంత్రం వాడే ఫోను చేసినాడు. చేస్తాడని నాకు తెలుసు. వరండాలో నిలబడి నిదానంగా చెప్పినా. "నేను నమ్మలేదు ఓబులేసా. ముందర ఒక మాట, వెనక ఒక మాట మాట్లాడే పిల్లోడు గాదనే అనుకుంటి. 'ముసలాయనకు మతి పోతాంది, ఇంకెన్నాళ్లు వేస్తాడులే' అని టీ అంగడి కాడ అన్నాడంట. నా మనసు ఒప్పుకోవడం లేదు. నువ్వు గూడా నమ్మొద్దు."

ఫోను పెట్టేసరికి మా సువార్త వంటింటి గడప కాడ నిలబడి ఉంది, చేటలో బియ్యంతో, నా చివరి రెండు మాటలు విని. "ఈసారి శానా బాగా వస్తాంది నీకు. ఆ నవ్వు తీసేసినాక నిజంగా మాట్లాడినట్టే ఉండాది," అనింది.

మా ఇంటామె ఇరవై రెండేళ్లలో నా నటనను మెచ్చుకున్నది అదే మొదటిసారి. నేను అవునా అని లోపలికి పోతి.

ఓబులేసు మాత్రం అంత సులభంగా నమ్మలే. "నీకు చెప్పినోడు తప్పు చెప్పిండొచ్చు," అన్నాడు మర్నాడు. పెద్ద మనసు వానిది. నేను అయ్యుంటాది అంటి. ఆ సాయంత్రం దస్తగిరిని, "నాయనా, నా కాపీ చిరిగిపోయింది, నీ బుక్కు ఒకసారి ఇయ్యి, ప్రాక్టీసు చేసుకుంటా," అని అడిగితే, రెండు చేతులతో ఇచ్చినాడు. దాన్ని పొద్దున ఓబులేసు అంగట్లో గల్లాపెట్టె పక్కన పెట్టి, బాత్రూముకు పోయొస్తా అని లోపలికి పోతి.

తిరిగొచ్చేసరికి వాడు పేజీలు తిప్పుతాండాడు. ఎర్ర ఇంకు. 'సార్ ఇక్కడ ఆగుతారు.' 'మర్చిపోయినారు.' 'మళ్లీ మర్చిపోయినారు.' ఒక్కో పేజీ తిప్పేకొద్దీ వాని ముఖం వాళ్ల నాయన ముఖం మాదిరి అయిపోతా వచ్చింది. బేరానికి వచ్చిన రైతు ఒకాయన ఏదో మందు పేరు చెప్పి అడుగుతాండాడు, వీనికి వినపడడం లేదు.

"ఇది అందరికీ చూపిచ్చినాడా?" అని అడిగినాడు నన్ను.

అది ఒక్కటే తావు, నేను వెనక్కి రాగలిగింది. నీకు సాయం చెయ్యడానికి రాసుకున్నాడు రా అని చెప్తే అయిపోయేది.

"నాకు తెల్దు," అంటి.

ఆ సాయంత్రమే దస్తగిరికి ఫోను పోయింది. రేపటి నుంచి రావొద్దు అని. కారణం చెప్పలే ఓబులేసు. చెప్పాలంటే తను మర్చిపోతాండానని ఒప్పుకోవాల గదా. ఆ లెక్క గూడా నేను ముందే వేసుకుంటి. మర్నాడు చర్చికి పోయి, కడపలో నాటకం బాగా జరగాల అని ప్రార్థన చేస్తి. మిగతాది దేవుడు అడగలే, నేను చెప్పలే.

కడపకు ఇంక ఐదు రోజులే ఉంది. సేనాపతి లేడు. ఓబులేసు గోడౌన్లో డబ్బా మీద కూర్చోని, "రత్నం, నువ్వు వెయ్యి సేనాపతి," అన్నాడు.

"నేనా? నేను మంత్రి గదా."

"మంత్రి ఎవరైనా వేస్తారప్పా. పాళెగారి పక్కన నిలబడేవాడు నమ్మకస్తుడుండాల. నాకు నిన్ను మించి నమ్మకస్తుడు యాడుండాడు, చెప్పు."

ఏం చెప్పాల నేను? యాభై రెండేళ్ల పొట్టతో ఇరవై ఐదేళ్ల మేనల్లుని వేషం. దస్తగిరి కోసం కుట్టించిన చొక్కా నాకు నడుము కాడ పట్టలే, వెనక కత్తిరించి పిన్నీసులు పెట్టినారు.

మంత్రి వేషం చిన్నపరెడ్డికి పోయింది. మా ప్రాంప్టరు ఆయన. ఇరవై ఏళ్లుగా తెర వెనక కూర్చోని ఎవరు మాట మర్చిపోతే వాళ్లకు అందించడమే పని. నాటకమంతా నోటికి వచ్చు. గొంతు మాత్రం సన్నం, బడిపిల్ల పాఠం చదివినట్టు ఉంటాది. నా మంత్రి మాటలు ఆ గొంతులో వస్తే నేను గోడౌను బయటికి పోయి నిలబడేవాన్ని. ఇంకో సంగతి, ప్రాంప్టరు స్టేజీ ఎక్కితే తెర వెనక కూర్చునేది ఎవరు? ఎవరూ లేరు. నాకు ఆ ఆలోచన వచ్చింది గానీ నోరు తెరవలే. తెరిస్తే, దస్తగిరిని పిలుద్దాం అంటారేమోనని.

ఆదివారం పొద్దున్నే వ్యాను మాట్లాడుకోని బయలుదేరినాము. నంద్యాలలో ఉగ్గాని బజ్జీ తింటిమి. ఆళ్లగడ్డ దాటినాక ఓబులేసు అహోబిలం దిక్కు తిరిగి దండం పెట్టుకున్నాడు. పెట్టుకోని నా చెయ్యి పట్టుకోని, "నేను ఆగితే నువ్వు చూసుకో రా," అన్నాడు మెల్లగా. చెయ్యి చల్లగా ఉండె. చూసుకుంటాలే అంటి.

కడపలో మా వంతు మధ్యాహ్నం రెండున్నరకు. బయట ఎండ మండుతాంది. హాల్లో ఏసీ ఉండేసరికి జనం బాగానే కూర్చున్నారు. మొదటి రెండు సీన్లూ గండం లేకుండా గడిచిపోయె. మూడో సీను దర్బారు. స్టేజీ మీద ముగ్గురమే. మధ్యలో పాళెగాడు ఓబులేసు, చేతిలో కత్తి. ఎడమ పక్క మంత్రి చిన్నపరెడ్డి. కుడి పక్క సేనాపతి నేను, తల వంచుకోని.

చిన్నపరెడ్డి నా మీద నేరం మోపినాడు. ఇప్పుడు పాళెగాడు నన్ను అడగాల, 'నా చెల్లెలు కన్నబిడ్డ నా కోట అమ్ముతాడా? చెప్పు, నీ నోటితో చెప్పు' అని. ఓబులేసు ముందుకు వచ్చినాడు. "నా చెల్లెలు కన్నబిడ్డ..." అన్నాడు. ఆగిపోయినాడు.

నాకు తెలిసిన తావే అది. బుక్కులో ఎర్ర ఇంకు ఉన్న మొదటి తావు.

ఈమధ్య వాడు ఇట్ల ఆగినప్పుడల్లా కాపాడింది నేనే. మంత్రిగా ఇంకో నాలుగు మాటలు ఎక్కువ పోసేవాన్ని, అంతలో వానికి గుర్తొచ్చేది. ఇప్పుడు వాడు నా దిక్కు చూసినాడు. నా నోరు తెరుచుకుంది, గొంతు అదే లేచింది. ఇరవై రెండేళ్ల గొంతు.

"సంకోచమెందుకు ప్రభూ? పాలు పోసి పెంచిన పాము ఈ సేనాపతి. తల తీసి కోట గుమ్మానికి వేలాడదీయండి."

సేనాపతిని నేను. నన్ను నేనే చంపమంటాండా. అదొక్కటీ చాలదన్నట్టు అలవాటు ప్రకారం చెయ్యి లేచింది, ఎదురుగా ఉన్నోన్ని చూపిచ్చింది. నాకెదురుగా ఎప్పుడూ సేనాపతి ఉంటాడు. ఈరోజు మంత్రి ఉండాడు.

చిన్నపరెడ్డి పాపం బిత్తరపోయినాడు. కానీ ప్రాంప్టరు ప్రాంప్టరే. ఏ మాట తప్పిపోతే ఆ మాట అందించాల, ఆయనకు తెలిసింది అదే. సేనాపతి మాట తప్పిపోయింది గదా. టపీమని మోకాళ్ల మీద కూలబడి, ఆ సన్నగొంతుతో, "మామా, నేనే పాపమూ ఎరగను. ఈ కోట మట్టి మీద ఆన," అన్నాడు.

హాలు విరగబడి నగింది. వెనక వరసల్లో లేచి నిలబడి నగినారు. ఎవరో ఈల గూడా వేసినారు.

నేను జనాన్ని చూడలే. ఓబులేసును చూస్తాండా. వాడు నన్ను చూసె, చిన్నపరెడ్డిని చూసె, మళ్లా నన్ను చూసె. వాని కండ్లలో కోపం లేదు. మేము తప్పు చెప్తాండామని వాడు అనుకోలే. తనే మర్చిపోయినా అనుకుంటాండాడు. ఎవరు సేనాపతో ఎవరు మంత్రో గూడా తను మర్చిపోయినా, ఆ రోజు వచ్చేసింది, జనమంతా అందుకే నగుతాండారు అనుకుంటాండాడు. పెదాలు కదిలినాయి. 'రత్నం, ఏది?' అని అడిగినాడు, శబ్దం లేకుండా.

నాకు ఒక్క మాట గూడా రాలే. నాటకమంతా నోటికి వచ్చినోన్ని.

అప్పుడు రెండో వరస నుంచి ఒక గొంతు వచ్చింది. గట్టిగా గాదు. నవ్వుల కింద నుంచి, తేటగా. "నా కోట అమ్ముతాడా? చెప్పు, నీ నోటితో చెప్పు."

ఓబులేసు తల అటు తిరిగింది. నిండా ఒక ఊపిరి తీసుకున్నాడు. నా మీదికి రెండడుగులు వేసి, కత్తి నా గొంతు కాడ పెట్టి, అదే మాట అన్నాడు. హాలు గమ్మునైపోయింది. అట్లా వాడు అనడం నేను ఎప్పుడూ వినలే. ఆ తర్వాత నేను నా మాటలు చెప్పినా, తల వంచినా, భటులు వచ్చి నన్ను లాక్కపోయిరి. చివరి సీనులో వాడు కోట మీద నుంచి దూకేటప్పుడు ఆడోళ్లు ఏడిసిరంట. నేను లోపల కుర్చీలో కూర్చోనుండా.

మేకప్పు రూములో మీసం ఊడదీస్తాండా. గమ్ము శానా గట్టిది, ఒక పక్క ఊడింది, ఇంకో పక్క పట్టుకోని కూర్చుంది. అప్పుడు దస్తగిరి వచ్చినాడు. వాకిలి కాడ చెప్పులు విడిచి, లోపలికి రావొచ్చునా లేదా అని నిలబడినాడు.

"లోపలికి రా," అన్నాడు ఓబులేసు. "నువ్వెందుకు వచ్చినావు కడపకు?"

"చిన్నపరెడ్డన్న మంత్రి వేస్తాండాడని తెలిసింది సార్. మరి అందించేవాళ్లు ఎవరూ ఉండరు గదా అని బస్సెక్కి వచ్చినా. రెండో వరసలో కూర్చుంటే వినపడతాదనుకుంటి."

"నేను ఆడ ఆగుతానని నీకెట్ల తెలుసు?"

"బుక్కులో గుర్తు పెట్టుకోనుంటి గదా సార్. మీరు ఆగే తావుల్లో మెల్లగా అందిద్దామని. రత్నం సారుతో గూడా చెప్తి, మీకు తెలీకుండా చేద్దాం, మీరు బాధపడతారని. సారుకు బుక్కు గూడా ఇచ్చింటి." నా దిక్కు తిరిగి, "లేదా సార్?" అన్నాడు. నేను సాక్ష్యం చెప్తానని.

ఓబులేసు అద్దంలో నన్ను చూసినాడు. అరమీసంతో నేను. తిడతాడనుకుంటి. కొడతాడనుకుంటి. కొడితే బాగుండు.

"బిన్నా కానీండి, తొందరగా. వ్యాను ఆయన వెయిట్ చేస్తాండాడు," అన్నాడు అందరితో.

తిరిగొచ్చేటప్పుడు దస్తగిరిని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను వెనక సీట్లో, డ్రమ్ముల పక్కన. మైదుకూరులో టీకి ఆపినారు. నేను దిగలే. ఓబులేసు చిన్నపరెడ్డితో, "రత్నం సారుకు ఒక టీ తీసుకపోయి ఇయ్యి," అన్నాడు. సార్ అన్నాడు. ఇన్నేళ్లలో నేను వానికి రేయ్, వాడు నాకు రేయ్.

ఇంటికొచ్చి సువార్తకు మొత్తం చెప్తి. ఆమె పూర్తిగా విని, "ఆ రోజు ఫోన్లో అది రిహార్సలు గాదా?" అని ఒకటే అడిగింది. కాదంటి. లేచి పోయి మిగిలిన అంట్లు తోముకునింది. తర్వాత వచ్చి, "రేపు ఆ పిల్లోని కాడికి పో. ముందు వాడు, తర్వాత ఓబులేసన్న," అనింది.

పోతి. వెలుగోడు రోడ్డు పక్క జొన్న చేలో ఉండాడు దస్తగిరి, కొలిచే కర్ర పట్టుకోని. నేను ఒక్క మాట దాచకుండా చెప్పినా. వాడు కర్ర పట్టుకోనే విన్నాడు. అడ్డం రాలే.

"ఏం తప్పు చేసినానో తెలీక ఆ ఐదు రోజులూ నాకు అన్నం పోలేదు సార్," అన్నాడు చివర్న. "ఓబులేసు సార్ అంగడికి మూడుసార్లు పోతి. నన్ను చూసి లోపలికి పోయినాడు. మా అమ్మ గూడా అడిగె, ఏం చేసినావురా పెద్దమనుషుల కాడ అని. ఏం చెప్పాల సార్ మా అమ్మకు?"

నన్ను క్షమించు నాయనా అంటి.

"ఎండ శానా ఉండాది సార్. ఇంటికి పోండి," అని, గెనెం గట్టు మీద ఇంకో పది అడుగులు నడిచి కర్ర నాటినాడు.

ఓబులేసు అంగడికి గూడా పోతి. గిరాకీ లేని టైము చూసుకోనే పోతి. వాడు కుర్చీలో నుంచి లేచి నిలబడినాడు, కొత్తోళ్లు వచ్చినప్పుడు లేచినట్టు.

"ఏం కావాల సార్?" అన్నాడు.

నేను చెప్పాలనుకున్నవన్నీ చెప్పినా. వాడు గల్లాపెట్టె మీద దుమ్ము తుడుస్తా విన్నాడు. "మతిమరుపు సంగతి నీకొక్కనికే చెప్పుకుంటి," అన్నాడు. అంతే. అప్పుడే ఒక రైతు వచ్చినాడు. వాడు మందు డబ్బా తీయడానికి లోపలికి పోయినాడు. నేను ఒక పావుగంట నిలబడి వచ్చేస్తి.

రెండు వారాలకు కడప నుంచి ఫలితాలు వచ్చినాయి. ఓబులేసుకు ఉత్తమ నటుడు. నాకూ చిన్నపరెడ్డికీ కలిపి ఒక స్పెషలు బహుమతి, హాస్యానికి. జడ్జి ఒకాయన రాసినాడంట, ప్రతి మనిషిలోనూ సేనాపతీ మంత్రీ ఇద్దరూ ఉంటారని చెప్పిన గొప్ప ప్రయోగం అని. చిన్నపరెడ్డి ఆ కాగితం తెచ్చి మా ఇంట్లో చదివి వినిపిచ్చినాడు. ఆయనకు అర్థం కాలే. నాకు శానా బాగా అర్థమైంది. మా సువార్త నా దిక్కు చూడకుండా టీ పెట్టుకుంటా ఉండె.

ఇప్పుడు డైరెక్షను దస్తగిరిదే. వచ్చే నెల నంద్యాలలో మళ్లా వేస్తాండారు. సేనాపతి దస్తగిరి. మంత్రి చిన్నపరెడ్డి, ఆ సన్నగొంతు మోసగానికి బాగా నప్పిందని దస్తగిరి అన్నాడంట. నేను ఏమీ అడగలే. పోయిన సోమవారం దస్తగిరే ఫోను చేసినాడు. "ప్రాంప్టరు లేడు సార్. నాటకమంతా నోటికి వచ్చినోళ్లు మీరొక్కరే ఉండారు. వస్తారా?" అన్నాడు. గొంతులో ప్రేమ లేదు, కోపమూ లేదు. పనికి మనిషిని పిలిచినట్టు పిలిచినాడు. పోతి.

గోడౌన్లో ఒక దుప్పటి కట్టినారు. దాని వెనక స్టూలు మీద కూర్చుంటా, బుక్కు ఒళ్లో పెట్టుకోని. రాసింది రాసినట్టు చదవాల, ఒక్క అక్షరం గూడా నాది కలపకూడదు. నిన్న దర్బారు సీనులో ఓబులేసు ఆగినాడు. నేను మాట అందిచ్చినా. అందుకున్నాడు. నిన్నటికి మా ఇద్దరి మధ్య మాట అంతే.

రిహార్సలు అయినాక చిన్నపరెడ్డి నా కాడికి వచ్చినాడు. ఆయన మనసులో కల్మషం ఏమీ ఉండదు, మీకు తెలుసు గదా.

"సార్," అన్నాడు, "ఇన్నేళ్లు మీరు అనవసరంగా స్టేజీ ఎక్కినారు. మనిషి కనపడకుంటే మీరు శానా బాగుంటారు."

థ్యాంక్స్ అంటి.